నిప్పుల మీద కోడి: ఆనాటి వంట, ఈనాటి ఇల్లు

వేంసూరు చుట్టుపక్కల పల్లెల్లో పుట్టి పెరిగిన వారికి కోడిని నిప్పుల మీద కాల్చుకు తినడం కొత్త సంగతి కాదు. ఇప్పుడు పట్నం హోటళ్ళ ముందు ‘బార్బెక్యూ’ అని పెద్ద అక్షరాలతో రాసి పెడుతున్నారు గానీ, మా చిన్నతనంలో దానికి ప్రత్యేకంగా పేరేమీ లేదు. "తోటలో కోడిని కాల్చారట" అనేవారు, అంతే. మామిడి తోట కాపలాకు వెళ్ళిన మగవాళ్ళు, కళ్ళంలో ధాన్యం దగ్గర రాత్రి పడుకునేవాళ్ళు చలిమంట వేసుకునేవారు. ఆ మంట తగ్గి నిప్పులు మిగిలాక కోడి వాటి మీదికి చేరేది.

మా పెదనాన్నగారు ఈ పనిలో దిట్ట. పండుగ మరునాడు తోటలో ఆయన కాల్చిన కోడి కోసం మేమంతా చేతులు కడుక్కుని కూర్చునేవాళ్ళం. పైన ఎర్రగా, అక్కడక్కడ నల్లగా, లోపల దూదిలాగా ఉండేది. ఆయన ప్రభువు పిలుపు అందుకుని చాలా సంవత్సరాలైంది. ఆయనతోపాటే ఆ వంట కూడా మా ఇంట్లోనుంచి వెళ్ళిపోయింది.

మొన్న కోతల పండుగకు ముందు మా పెద్దమ్మ ఒక మాట అంది. ఆమెకు ఎనభై దాటాయి. పళ్ళు నాలుగైదు మిగిలాయి. ఏదీ సరిగా తినడం లేదని కోడళ్ళు బెంగ పడుతుంటే, "మీ పెదనాన్న కాల్చిన కోడి ముక్క ఒక్కటి నోట్లో వేసుకోవాలని ఉంది నాయనా" అంది. అడగక అడగక అడిగిన కోరిక. తీర్చకుండా ఎలా ఉంటాం? కాల్చడమేగా, అదేమంత పని అనుకున్నాం. అక్కడే పొరపడ్డాం.

రెండుసార్లు చెడగొట్టాం

మొదటిసారి బజారుకు వెళ్ళి బ్రాయిలర్ కోడి తెచ్చాం. ఉప్పు, కారం, అల్లం వెల్లుల్లి బాగా పట్టించాం. పెరట్లో ఇటుకలు పేర్చి, చింత మొద్దులు వేసి, భగభగ మండుతుండగానే ముక్కలు పెట్టేశాం. పావుగంటలో పైన చక్కటి రంగు వచ్చింది. ఇంకో ఐదు నిమిషాలకు నల్లబడింది. అయిపోయిందనుకుని దించి పిల్లలకు పెట్టాం. చిన్నది తొడ ముక్క కొరికి, "లోపల ఎర్రగా ఉంది" అంది. చూస్తే ఎముక చుట్టూ పచ్చి మాంసమే. నోట్లోది ఉమ్మించి, నీళ్ళు పుక్కిలింపజేశాం గానీ, కొంత అప్పటికే మింగింది. ఆ రాత్రీ మరునాడూ దానికి వాంతులు గానీ జ్వరం గానీ వస్తాయేమోనని కనిపెట్టుకుని కూర్చున్నాం. దేవుని దయవలన ఏమీ కాలేదు. కానీ ఆ రెండు రోజుల భయం మాకు బాగా బుద్ధి చెప్పింది.

బ్రాయిలర్‌తో లాభం లేదు, నాటుకోడే కావాలని రెండోసారి నిర్ణయించాం. కోతల పండుగనాడు గుడికి కానుకగా వచ్చిన కోళ్ళను వేలం వేస్తారని మీకు తెలుసు. అందులో పెద్ద డేగ పుంజును మేమే పాడుకున్నాం. ఈసారి మంట తగ్గేదాకా ఆగి, నిప్పుల మీద ముప్పావుగంట కాల్చాం. లోపల ఎరుపు లేదు. కానీ ఆ మాంసం తోలు చెప్పులాగా సాగింది. కుర్రవాళ్ళే నమలలేకపోయారు. ఇక పెద్దమ్మకు ఎక్కడ పెట్టగలం?

ఆమె మంచం మీద కూర్చుని అంతా చూస్తూనే ఉంది. చివరకు నవ్వి, "పచ్చి పుంజును తీసుకెళ్ళి నిప్పుల మీద పెడితే అట్టాగే ఉంటది. ఎవరు చెప్పార్రా మీకు ఆయన పచ్చిది కాల్చాడని? పొద్దున్నే నేను కుండలో ముప్పాతిక వంతు ఉడకబెట్టి, మసాలా పూసి, గంపలో పెట్టి తోటకు పంపేదాన్ని. ఆయన చేసింది ఆఖరి పని" అంది.

మేము ఒకరి ముఖాలు ఒకరం చూసుకున్నాం. ఇన్నేళ్ళుగా పెదనాన్నగారి వంట అని చెప్పుకున్నదానిలో సగానికి పైగా పెద్దమ్మ వంటే. తోటలో నిప్పు దగ్గర కూర్చున్న మాకు ఆయనే కనబడ్డారు. తెల్లవారుజామున వంటింట్లో కుండ దగ్గర ఎవరున్నారో మేము చూడలేదు, అడగనూ లేదు.

ముదురు పుంజుకు కుండ ఎందుకు?

ఇందులో కిటుకు ఏమిటో తరువాత మాకు అర్థమైంది. పెరట్లో తిరిగే కోడి నెలల తరబడి పరుగెత్తి, ఎగిరి, పోట్లాడి పెరుగుతుంది. కండరాలను కట్టి ఉంచే పీచు, అంటే కొల్లాజెన్, వయసుతోపాటు గట్టిపడుతుంది. అది కరగాలంటే తడి ఉండాలి, సన్నని సెగ మీద చాలాసేపు ఉండాలి. నిప్పుల పొడి వేడిలో పీచు కరిగేలోపే మాంసంలోని నీరు ఆవిరైపోతుంది. అందుకే ముందు కుండ, తరువాత నిప్పు.

మన్యంలో వెదురు బొంగులో కోడిని వండే పద్ధతిలోనూ ఇదే కిటుకు ఉంది. మన వైపునుంచి భద్రాచలం, చింతూరు మీదుగా మారేడుమిల్లి ఘాటు రోడ్డున వెళ్ళినవారు దాన్ని చూసే ఉంటారు. పచ్చి బొంగులో మసాలా పట్టించిన ముక్కలు కూరి, మూతి ఆకులతో బిగించి నిప్పుల మీద దొర్లిస్తారు. నూనె వేయరు. ముక్కల్లోని నీరు, పచ్చి వెదురులోని తేమ కలిసి లోపల ఆవిరి పడుతుంది. బయట కాలుతున్నా లోపల ఉడుకుతుంది. అక్కడ బొంగే కుండ. అయితే వంట సరదా కొద్దీ ఎవరూ అడవిలోకి వెళ్ళి వెదురు కొట్టుకు రాకూడదు. 2006 నాటి అటవీ హక్కుల చట్టం వెదురు సేకరించుకునే హక్కును అడవిని నమ్ముకుని బ్రతికేవారికి ఇచ్చింది. సొంత చేలో పెంచుకున్న వెదురుకైతే 2017లో వచ్చిన సవరణ తరువాత అటవీ చట్టం అడ్డు రాదు.

పెద్దమ్మ చెప్పిన పద్ధతి

కావలసినవి: కిలోన్నర నాటు పుంజు, పెద్ద ముక్కలుగా, పసుపు ఒక చెంచా, ఎండు మిరపకాయలు 8, ధనియాలు 2 చెంచాలు, జీలకర్ర ఒక చెంచా, వెల్లుల్లి ఒక గడ్డ, రెండంగుళాల అల్లం, పచ్చి మామిడికాయ ఒకటి, దొరకని రోజుల్లో రెండు నిమ్మకాయలు, వేరుశెనగ నూనె 4 చెంచాలు, తగినంత ఉప్పు.

ఈకలు పీకిన కోడిని వరిగడ్డి మంట మీద కాల్చి, పసుపు రుద్ది కడిగే అలవాటు మనకు ఉన్నదే. తరువాత ముక్కలు కోసి కుండలో వేసి, పసుపు, కొద్దిగా ఉప్పు వేసి, ముక్కలు మునిగేదాకా నీళ్ళు పోయండి. సన్నని సెగ మీద గంట నుంచి గంటన్నర ఉడకనివ్వండి. కుక్కరైతే కూత వచ్చాక మంట తగ్గించి ఇరవై నిమిషాలు చాలు. పుల్ల గుచ్చితే కొంచెం ఆగి దిగాలి. అంతకంటే మెత్తబడితే నిప్పుల మీద ఊడిపోతుంది.

మిగతా దినుసులు రోట్లో మెత్తగా నూరి, మామిడి కోరు, నూనె, ఉప్పు కలిపి, నీరు ఓడ్చిన ముక్కలకు పట్టించండి. నిప్పుల మీద రెండు వైపులా తిప్పుతూ పది పన్నెండు నిమిషాలు కాల్చండి. ఉడికిన నీళ్ళు పారబోయవద్దు. చింతపండు, మిరియాలు, వెల్లుల్లి వేసి కాస్తే జలుబు చేసిన వారికి అంతకు మించిన చారు లేదు.

మరి బ్రాయిలర్ సంగతి?

ఈ రోజుల్లో అందరి ఇళ్ళలో పుంజులు లేవు. 1971లో డాక్టర్ బి.వి. రావుగారు వెంకటేశ్వర హేచరీస్ మొదలుపెట్టిన తరువాత మన రాష్ట్రంలో కోళ్ళ పెంపకం పెద్ద పరిశ్రమ అయింది. బజారులో ఇప్పుడు దొరికేది ఎక్కువగా ఆరు వారాల వయసులో దాదాపు రెండు కిలోలు తూగే కోడి. దాని మాంసం లేత. దాన్ని ముందుగా కుండలో ఉడికిస్తే పిండి అవుతుంది. నేరుగా పెద్ద మంట మీద పెడితే మా ఇంట్లో జరిగిందే జరుగుతుంది. అయితే ఏం చేయాలి?

దీనికి జవాబు మాకు దూరదేశంనుంచి వచ్చింది. మా సంఘంలోని ఒక కుటుంబం వారి అబ్బాయి అమెరికాలో న్యూయార్క్ రాష్ట్రంలో చదువుకుంటున్నాడు. మా కష్టం విని ఫోనులో నవ్వి, అక్కడి చర్చీలలో డబ్బు పోగుచేయడానికి కోడిని కాల్చి అమ్ముతారనీ, దానికి డెబ్భై ఏళ్ళు దాటిన పద్ధతి ఒకటి ఉందనీ చెప్పాడు.

ఆ పద్ధతిని ప్రచారంలోకి తెచ్చినవారు కార్నెల్ విశ్వవిద్యాలయంలో కోళ్ళ విభాగంలో పనిచేసిన రాబర్ట్ బేకర్. లేత వయసులోనే కోళ్ళను అమ్ముకుంటే రైతుకు మేత ఖర్చు తగ్గుతుంది. కానీ అంత చిన్న కోడిని ఎలా వండాలో జనానికి అలవాటు కావాలి కదా. అందుకని ఆయన ఆరుబయట నిప్పుల మీద కాల్చే విధానాన్ని వివరిస్తూ 1950లో చిన్న పుస్తకం రాశారు. విశ్వవిద్యాలయం దాన్ని రైతుల కోసం ప్రచురించింది. నూనె ఒక కప్పు, ఆపిల్ వెనిగర్ రెండు కప్పులు, ఉప్పు మూడు పెద్ద చెంచాలు, కోడికి వాడే ఎండు ఆకుల పొడి ఒక పెద్ద చెంచా, కొంచెం మిరియాల పొడి, ఒక గుడ్డు. ఇవన్నీ గిలకొట్టి, మధ్యకు చీల్చిన కోడి చెక్కలకు పూస్తూ, మాటిమాటికీ తిప్పుతూ, సన్నని నిప్పు మీద గంటసేపు కాల్చాలి. గుడ్డు వేసేది నూనె, పులుపు విడిపోకుండా కలిసి ఉండటానికి. బేకర్ 2006లో మరణించారు. న్యూయార్క్ రాష్ట్రంలోని చర్చీలు, అగ్నిమాపక కేంద్రాలు ఆ పద్ధతినే పట్టుకుని విందులు చేస్తూ వచ్చాయి.

ఈ వివరాలు విన్నాక మాకు ఒక సంగతి తెలిసింది. పెద్దమ్మ కుండ ముదురు కోడికి పుట్టిన ఉపాయం. బేకర్ పులుసు లేత కోడికి పుట్టిన ఉపాయం. ఏ కోడి ఎదురుగా ఉందో చూసుకుని దానికి తగిన దారి పట్టాలి. మేము లేత కోడికి పెద్ద మంట పెట్టాం. ముదురు కోడికి కుండ మానేశాం. రెండు పొరపాట్లూ మావే.

రాజేంద్రనగర్‌లోని కోళ్ళ పరిశోధన సంస్థ వారు పెరటి పెంపకానికి రూపొందించిన వనరాజా కోళ్ళు మీ ఇంట్లో ఉంటే, వాటికి కూడా కుండే మంచిది. కాని సమయం తగ్గించి, పుల్ల గుచ్చి చూసుకుంటూ ఉడికించండి.

మా ఇంట్లో కుదిరిన తీరు

కిలోంబావు బ్రాయిలర్‌ను చర్మం తీయకుండా, మధ్యకు రెండు చెక్కలుగా కొట్టించండి. చర్మం ఉంటే మాంసం ఎండదు. పులుసు కోసం నూనె 50 మిల్లీలీటర్లు, నిమ్మరసం 50, నీళ్ళు 50, ఉప్పు రెండు చిన్న చెంచాలు, కారం ఒక చెంచా, ధనియాల పొడి ఒక చెంచా, దంచిన వెల్లుల్లి, కొద్దిగా మిరియాల పొడి తీసుకోండి. ఆపిల్ వెనిగర్ మన పల్లెల్లో దొరకదు, నిమ్మకాయ చాలు. గుడ్డు మేము వేయలేదు. అన్నీ ఒక సీసాలో పోసి, వాడిన ప్రతిసారీ బాగా కుదిపితే సరిపోయింది.

ఇందులో సగం విడిగా తీసి పెట్టుకుని, మిగతా సగం కోడికి పట్టించండి. గంటకు మించి నానబెట్టవద్దు, పులుపు ఎక్కువసేపు ఉంటే పైమాంసం పిండిలాగా అవుతుంది. అల్యూమినియం గిన్నె వద్దు, స్టీలుది గానీ మట్టిది గానీ వాడండి.

నిప్పు విషయం పెద్దమ్మ దగ్గర నేర్చుకోవాలి. మంట పూర్తిగా పోవాలి. నిప్పులు కణకణలాడి, పైన తెల్లగా నివురు పట్టాలి. కోడి వాటికి జానెడు పైన ఉండాలి. కోడి ఉండే ఎత్తులో అరచేయి పెట్టి అంకెలు లెక్కపెడితే నాలుగైదు వరకు ఓర్చుకోగలగాలి. రెండుకే చేయి తీసేస్తే నిప్పు ఎక్కువ. అప్పుడు నిప్పులు పక్కకు నెట్టండి. ఎముక వైపు కిందికి పెట్టి మొదలుపెట్టండి. ఐదారు నిమిషాలకోసారి తిప్పుతూ, విడిగా ఉంచిన పులుసు పూస్తూ గంటసేపు ఓపిక పట్టండి. కొవ్వు కారి మంట లేస్తే నీళ్ళు చల్లవద్దు, బూడిద ఎగిరి ముక్కలకు అంటుతుంది. కోడిని కాసేపు పక్కకు జరపండి. చివరి పది నిమిషాలు ఏమీ పూయవద్దు.

తల్లులు గమనించవలసినవి

కోడి ఉడికిందో లేదో రంగు చూసి నమ్మవద్దు. పచ్చి కోడిలో సాల్మొనెల్లా వంటి సూక్ష్మజీవులు ఉండవచ్చు. తొడలో అతి మందమైన చోట 74 డిగ్రీల సెంటీగ్రేడు వేడి చేరితే అవి చస్తాయి. సూది ఉన్న వంట థర్మామీటరు ఒకటి కొనుక్కుంటే మంచిది. ఎముకకు తగలకుండా గుచ్చి చూడాలి. అది లేనివారు తొడ కీలు దగ్గర కోసి చూడండి. కారే నీరు తేటగా ఉండాలి, మాంసం ఎముకనుంచి తేలికగా విడివడాలి. అనుమానం ఉంటే మళ్ళీ నిప్పు మీద పెట్టండి. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల ఫారాల్లో బర్డ్ ఫ్లూ బయటపడినప్పుడు మన సరిహద్దు ఊళ్ళలో చాలామంది కోడి తినడానికే భయపడ్డారు. ఆ వైరస్ కూడా లోపలిదాకా బాగా ఉడికితే బ్రతకదు. కానీ చచ్చిన కోడిని, జబ్బుపడిన కోడిని చవకగా వస్తుందని తెచ్చుకోవడం, చేతులతో ముట్టుకోవడం ప్రమాదం.

పచ్చి కోడి పెట్టిన పళ్ళెంలో, కడగకుండా కాల్చిన కోడిని పెట్టవద్దు. మన ఎండల్లో పచ్చి మాంసాన్ని గంటకు మించి బయట ఉంచరాదు.

పొయ్యిలోకి చింత, తుమ్మ బొగ్గులు మంచివి. సత్తుపల్లి గనుల దగ్గరలో ఉన్నాం గనుక నేలబొగ్గు సులువుగా చేతికి వస్తుంది. దాన్ని ఈ పనికి ఎంతమాత్రం వాడకండి, ఆ పొగ విషం. రంగు వేసిన చెక్కలు కూడా వద్దు. ముక్కలు గుచ్చడానికి పుల్ల కోసేటప్పుడు గన్నేరు కొమ్మ కాదు కదా అని చూసుకోండి. ఆ చెట్టు ఆకు, కొమ్మ, వేరు అన్నీ విషమే. కోళ్ళ గూటికి వాడే జింకు పూత జాలిని నిప్పు మీద పెట్టకండి, బాగా వేడెక్కితే చెడు పొగ వస్తుంది. పూత లేని ఇనుప ఊచలు గానీ స్టీలు జాలి గానీ వాడండి. వాన వచ్చిందని బొగ్గుల కుంపటిని ఇంట్లోకి తెచ్చి తలుపులు మూయకండి. కంటికి కనబడని, వాసన లేని విషవాయువు నిద్రలోనే ప్రాణం తీస్తుంది.

మూడోసారి

మూడో ఆదివారం ఆరాధన ముగిశాక రెండు రకాలూ చేశాం. పిల్లల కోసం బ్రాయిలర్ చెక్కలు, పెద్దమ్మ కోసం నాటుకోడి. కుండ దగ్గర ఈసారి ఆమెనే కూర్చోబెట్టాం. మంచం వంటింటి గుమ్మం దగ్గరకు జరిపాం. ఆమె చెబుతుంటే కోడళ్ళు చేశారు, పెద్ద మనవరాలు నోటుపుస్తకంలో రాసుకుంది. "చెంచా ఎంత? గ్లాసు ఎంత?" అని అది అడుగుతుంటే, "నా చేతికి తెలుసు, నీ చెంచాకు ఏం తెలుసు?" అని పెద్దమ్మ విసుక్కుంది. చివరకు ఆమె గుప్పిట్లో పోసినవన్నీ చెంచాతో కొలిచి రాసుకోవలసి వచ్చింది. పైన ఇచ్చిన కొలతలు అలా వచ్చినవే.

ఒక ముక్కను సన్నగా చీల్చి పళ్ళెంలో పెట్టాం. చాలాసేపు నమిలింది. మేమంతా ఆమె ముఖమే చూస్తున్నాం. "ఉప్పు తగ్గింది" అంది. కాసేపాగి, "నిప్పు సరిగ్గానే ఉంది" అని ఇంకో ముక్క అడిగింది. చాలా రోజుల తరువాత ఆ పూట ఆమె రెండోసారి అన్నం కూడా పెట్టించుకుంది.

మీ ఇళ్ళలో కూడా ఇలాంటి పాత వంట ఏదో ఒకటి ఉండే ఉంటుంది. దాన్ని మీరు ఒకరి పేరు మీద చెప్పుకుంటూ ఉంటారు. ఇంకా బ్రతికి ఉన్న పెద్దవారిని అడిగి చూడండి. దాని వెనుక ఇంకెవరి చేయి ఉందో, మీకు తెలియని సగం ఏదో వారే చెబుతారు. విన్న రోజే కాగితం మీద రాసి పెట్టుకోండి. మా మనవరాలి నోటుపుస్తకంలో మొదటి పేజీ పైన ‘పెద్దనాయనమ్మ నిప్పుల కోడి’ అని ఉంది. కింద ఎర్ర సిరాతో, ఉప్పు ఇంకొంచెం అని రాసింది.